హైదరాబాదా, బెంగళూరా: ఒక దస్తావేజు లేఖకుడి లెక్క

రోడ్డు వారన ఉన్న మా 20 గుంటలు అమ్ముడుపోయినప్పటి నుంచి, ఆ డబ్బుతో అద్దెకిచ్చే ఫ్లాటు ఏ ఊళ్లో కొనాలని ఇంట్లో ఒకటే చర్చ. అల్లుడు బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దగ్గర ఉంటాడు. "మామయ్యా, ఇక్కడ ఫ్లాటు తీసుకోండి, అద్దెకు ఢోకా లేదు" అంటాడు. మా తమ్ముడేమో హైదరాబాద్ తప్ప మరో ఊరు ఉందంటేనే ఒప్పుకోడు. జడ్చర్లలో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఉత్తరాన 80 కిలోమీటర్ల పైచిలుకులో హైదరాబాద్, దక్షిణాన దాదాపు 500 కిలోమీటర్లలో బెంగళూరు. రోడ్డు ఒకటే, ఎటు తిరగాలన్నదే తగాదా.

దస్తావేజులు రాసి బతికినవాడిని. నాకు ముందు కాగితం, ఆ తర్వాతే ధర.

బెంగళూరులో రిజిస్ట్రేషన్ ఖర్చు తక్కువని మా బజారులో ఒక నమ్మకం ఉంది. లెక్క వేసి చూశాను. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, కలిపి 7.5 శాతం. కర్ణాటకలో స్టాంపు డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌చార్జీ. రిజిస్ట్రేషన్ ఫీజును 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతం చేశారు. అంతా కలిపితే 7.6 దాకా వస్తుంది. 80 లక్షల ఫ్లాటుకు ఇక్కడ 6 లక్షలు, అక్కడ 6 లక్షల 8 వేలు. ఈ తేడా కోసం ఊరు మార్చుకునేవాడు ఎవడూ ఉండడు.

అద్దె విషయంలో మాత్రం అల్లుడి మాట కాదనలేను. పది నెలల అద్దె అడ్వాన్సుగా పుచ్చుకునే ఆనవాయితీ ఉన్న ఊరు అది. మన దగ్గర రెండు మూడు నెలలది అడిగితేనే బేరం మొదలవుతుంది.

నన్ను ఆపింది ఖాతా, అంటే నగరపాలిక పన్ను రిజిస్టరులో ఆస్తి నమోదు. బెంగళూరులో సొత్తుకు ఏ-ఖాతా, బీ-ఖాతా అని రెండు రకాలు. అనుమతులు సరిగా లేనివాటిని కూడా పన్ను వసూలు కోసం బీ రిజిస్టరులో రాసుకున్నారు. అలాంటివాటికి అప్పు ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. ఇప్పుడు ఈ-ఖాతా, అంటే కంప్యూటరులోకి ఎక్కిన ఖాతా, లేనిదే రిజిస్ట్రేషన్ కాదు. మంచిదే. అయితే అల్లుడు పంపిన పాత క్రయపత్రం కన్నడంలో ఉంది. లిపి మనదానికి దగ్గరే కనుక అక్షరాలు కూడబలుక్కున్నాను, పేర్లు, సర్వే నంబరు తెలిశాయి. కానీ దస్తావేజులో ప్రాణమంతా షరతుల్లో ఉంటుంది, అక్కడే నాకు చీకటి. అంత డబ్బు పెట్టి, చదివి చెప్పేందుకు ఎవరో తెలియని వకీలును నమ్ముకోవాలి.

అలాగని హైదరాబాద్ కాగితాలు పాలమీగడేమీ కావు. రెరా అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ, దాని నంబరు కూడా ఇంకా రాని ప్రాజెక్టులో "అవిభాజ్య వాటా (ఫ్లాటు కట్టకముందే స్థలంలో విడదీయని భాగం) రాసిస్తాం, సగం ధరకే" అని మా ఊరి దాకా వచ్చి బ్రోచర్లు పంచారు. 2016 నాటి చట్టం ప్రకారం నమోదు కాని ప్రాజెక్టును ప్రకటించడమే తప్పు. నమోదైనా సరే, అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఇది తెలిసినవాళ్లు కూడా సగం ధర అనగానే బయానా తీస్తారు.

నగరానికి దక్షిణాన ఒక ఫ్లాటు నాకు బాగా నచ్చింది. గాలి, వెలుతురు, బాల్కనీ ఎదురుగా నీళ్లు. ఆ నీళ్లే నన్ను ఆలోచనలో పడేశాయి. లింకు దస్తావేజులతోపాటు, అంటే ఆ స్థలం అంతకుముందు చేతులు మారిన పత్రాలతోపాటు, ఆ సర్వే నంబరు 1954-55 నాటి భూమి రికార్డు కాస్రా పహాణీ నకలు కూడా తెప్పించాను. అది ఉర్దూలో ఉంటుంది, నాకు రాదు. కానీ మా వీధి చివర సాహెబు ఉన్నారు, రెవెన్యూలో పనిచేసి దిగిపోయిన మనిషి. కళ్లజోడు నొసటి మీదికి ఎత్తి, కాగితాన్ని ముక్కు దగ్గరకు తెచ్చుకుని, వేలితో కుడి నుంచి ఎడమకు మెల్లగా జరుపుతూ ఒక గడి దగ్గర ఆగారు. "శిఖం అని ఉంది, భాయ్" అన్నారు. అంటే చెరువు కడుపు. 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువైతే నిండుమట్టం గీత దాటాక కూడా 30 మీటర్లు వదలాలి. ఈ ఫ్లాటు ఆ గీత లోపలే ఉన్నట్టు లెక్క. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే సంస్థ హైడ్రా వచ్చాక అలాంటి చోట్ల ఏం జరిగిందో అందరం టీవీలో చూశాం. టీ కూడా తాగకుండా లేచి వచ్చేశాను, సాహెబు ఇప్పటికీ దెప్పుతుంటారు.

బెంగళూరులోనూ ఈ గొడవ ఉంది, అక్కడ చెరువులతోపాటు రాజకాలువల (వాననీటి పెద్ద కాలువల) పక్క స్థలాలూ చూసుకోవాలి. తేడా ఏమిటంటే, ఆ పాత కాగితం చదివిపెట్టే సాహెబు నాకు అక్కడ లేరు.

చివరికి హైదరాబాద్‌లోనే అత్తాపూర్ వైపు, కట్టడం పూర్తయి నివాసయోగ్యతా పత్రం వచ్చిన ఫ్లాటు చూశాం. ఆ పత్రం వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు, కడుతుండగా కొంటే 5 శాతం. ఊరికి తిరిగొచ్చే దారిలోనే కాబట్టి కిరాయిదారు ఫోను చేస్తే పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరతాను. బెంగళూరుకు వందేభారత్ మహబూబ్‌నగర్‌లో ఆగుతుందని అల్లుడు గుర్తు చేశాడు. ఆగుతుంది, నిజమే. మనవరాలిని చూడటానికి ఎక్కుతాను, కారే పైపు కోసం ఎక్కలేను.

వాళ్లు అక్కడే స్థిరపడి, తాము ఉండటానికి కొంటామంటే నేనే ముందు సరే అంటాను, చేతనైంది ఇస్తాను కూడా. ఉండే ఇంటికి వేరే లెక్క. ఈ ఫ్లాటు మాత్రం అమ్మాయి పేరు కలిపి రాయిస్తున్నాం. ముసాయిదా నేనే రాస్తున్నాను, హద్దులు రాయడం మిగిలింది.