జిల్లేడు పాలు పడిన కన్ను

2025 ఫిబ్రవరి 3వ తేదీ సాయంత్రం, మరునాటి రథసప్తమి స్నానానికి జిల్లేడు ఆకుల కోసం విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంటికి దగ్గరలో ఉన్న బుడమేరు గట్టుకు వెళ్ళాను. తలపై ఒకటి, భుజాలపై రెండు, మోకాళ్ళపై రెండు, పాదాలపై రెండు చొప్పున మనిషికి ఏడు ఆకులు. ఇంట్లో ఐదుగురం కనుక 35 కావాలి. అంతకు ముందు సెప్టెంబరులో వచ్చిన వరదకు గట్టు మీది చెట్టూచేమా చాలావరకు కుళ్ళిపోయినా, జిల్లేడు మాత్రం మొదళ్ళ నుంచి మళ్ళీ చిగిర్చి, బూడిద పూసినట్లుండే దళసరి ఆకులతో నా నడుము ఎత్తున నిలిచి ఉంది. ఎవరూ నీరు పోయని ఈ మొక్క, నరకకుండా వదిలేస్తే మనిషి ఎత్తును మించి పెరుగుతుంది.

ఆకు తుంచిన ప్రతిసారీ తొడిమ నుంచి తెల్లటి పాలు కారుతూనే ఉన్నాయి. ఒక ఆకు ఊడిరాక గట్టిగా లాగినప్పుడు చుక్క ఎగిరి నా ఎడమకంట్లో పడింది. కొద్దిగా మండింది. ఇంటికి వచ్చి రెండు దోసిళ్ళ నీళ్ళు చల్లుకోగానే ఆ మంట తగ్గింది. "కాస్త ఆముదం వేసుకో అమ్మాయ్, లాగేస్తుంది" అని అత్తయ్యగారు అన్నారు. కంట్లో ఏమీ వేయకూడదని వారించి, ఆమె మాట కాదన్నాను గానీ, నేనూ అంతకంటె తెలివైన పని చేయలేదు. నొప్పి లేదు కదా అని నిద్రపోయాను.

తెల్లవారి స్నానం ముగించి సూర్యునికి అర్ఘ్యం ఇస్తుండగా ఆయన చుట్టూ రంగు రంగుల వలయాలు కనిపించాయి. కుడికన్ను మూసి చూస్తే పెరటిలోని తులసికోట కూడా తెల్లని పొగలో కలిసిపోయింది. అప్పటికీ నొప్పి లేదు, నీరు కారడం లేదు. అదే నన్ను ఎక్కువగా భయపెట్టింది.

కంటి ఆసుపత్రిలో డాక్టరుగారు జిల్లేడు మాట వినగానే "నొప్పి పెద్దగా లేదు కదా?" అని తామే అడిగారు. ముందుగా కంటిని సెలైన్‌తో చాలాసేపు కడిగించారు. తరువాత వివరించారు: ఈ పాలు కంటి ముందుపొర అయిన కార్నియాలోని స్పర్శను మందగింపజేస్తాయట, అందువల్ల గాయం జరుగుతున్నా మనకు తెలియదు. ఆ పాలలోని విషపదార్థాలు పొరను దాటి లోపలి వరుస కణాలను దెబ్బతీస్తాయి. కార్నియాలోకి చేరే నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడేసి దానిని పారదర్శకంగా ఉంచేవి ఆ కణాలే. అవి నీరసించడంతో నా కార్నియా నీరు పట్టి ఉబ్బింది. ఆ ఉదయం ఎడమకంటితో మీటరు దూరంలోని వేళ్ళను మాత్రమే లెక్కపెట్టగలిగాను.

మొదటి మూడు రోజులు మెలకువగా ఉన్నంతసేపు గంటకొకసారి స్టెరాయిడ్ చుక్కలు, ఇన్‌ఫెక్షన్ సోకకుండా యాంటీబయాటిక్, ఉబ్బిన పొర నుంచి నీటిని లాగే ఉప్పు చుక్కలు, కంటి పీడనం పెరగకుండా మరొకటి. సీసాలు కలిసిపోకుండా మా అమ్మాయి మూతలకు రంగుదారాలు కట్టింది. నాలుగో రోజున తిరగని ఫ్యాను రెక్కలు విడివిడిగా కనిపించాయి. పన్నెండో రోజున దినపత్రిక శీర్షికలు చదివాను. మూడు వారాలకు చూపు 6/9కి, అంటే దాదాపు మామూలు స్థాయికి (6/6) చేరింది. స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపకుండా నెల పైగా క్రమంగా తగ్గించారు.

అత్తయ్యగారికి ఆ మొక్క మీద కోపం రాలేదు, నాకూ రాలేదు. ఆముదం రాసి వెచ్చచేసిన జిల్లేడాకును ఆవిడ ఏళ్ళ తరబడి మోకాళ్ళకు కట్టుకుంటున్నారు. వినాయక చవితి పత్రిలో 'కపిలాయ నమః' అంటూ చివరగా సమర్పించేది అర్కపత్రాన్నే, అంటే ఈ జిల్లేడాకునే. కానీ ఆ పాలలో మాంసకృత్తులను కరిగించే ఎంజైములూ, గుండె లయను చెడగొట్టగల కలోట్రోపిన్ వంటి విషాలూ ఉన్నాయి. ఆ ఆకులనే తిని పెరిగే ఒక జాతి సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఆ విషాన్ని ఒంట్లో దాచుకుని పక్షుల బారి నుంచి తప్పించుకుంటాయని చదివినప్పుడు, ముళ్ళు తీయడానికి చిన్నప్పుడు మేము అరికాళ్ళకు పూసుకున్న పాలు ఎటువంటివో అర్థమైంది. కంట్లో పడితే వెంటనే కనీసం పావుగంటసేపు ధారగా నీటితో కడుక్కుని, చూపు బాగున్నా అదే రోజు కంటి డాక్టరును కలవాలని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

చివరి పరీక్షలో లోపలి కణాలను లెక్కించారు. చదరపు మిల్లీమీటరుకు కుడికంట్లో సుమారు 2,500 ఉండగా, ఎడమకంట్లో 1,700 మాత్రమే మిగిలాయి. పోయినవి మళ్ళీ పుట్టవు. ఇప్పటికి చూపుకు లోటు లేదు గానీ, రేపు శుక్లం ఆపరేషన్ అవసరమైనప్పుడు సర్జన్‌కు ఈ సంగతి తప్పక తెలియాలని చెప్పి, ఆ కాగితం భద్రంగా ఉంచుకోమన్నారు. దానిని మా ఇంటి పన్ను రసీదుల ఫైలులో అన్నిటికంటె పైన పెట్టాను.