బ్రేకు ఎక్కడ వేయాలి?

"సగం దూరం వెళ్ళాక బ్రేకు వేస్తే సరిపోదా సార్?" అన్నాడు కొత్తగా చేరిన కుర్రాడు. ఎదురుగా యంత్రం మీద క్యారేజీ, అంటే పట్టాపై జారే చిన్న బండి, 300 మిల్లీమీటర్ల దూరం అటూ ఇటూ పరుగెడుతోంది. వీలైనంత త్వరగా అవతలి చివరకు చేరి, సరిగ్గా అక్కడే ఆగాలి.

సరిపోతుంది, పికప్పూ బ్రేకూ సమానమైతే. ఈ యంత్రంలో అవి సమానం కావు. వేగం పెంచేటప్పుడు ఎదురు నిలిచే రాపిడే, ఆపేటప్పుడు మన పక్షాన చేరుతుంది. అందుకే త్వరణం 1000 పెడితే (అంటే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 1000 మిల్లీమీటర్ల చొప్పున పెరిగేలా) బ్రేకుకు 2000 పెట్టగలిగాం. లెక్క వేస్తే బ్రేకు పడాల్సిన చోటు 200 మిల్లీమీటర్ల దగ్గర తేలింది. అక్కడ వేగం సెకనుకు దాదాపు 632 మిల్లీమీటర్లు. మిగిలిన 100లో ఆగిపోతుంది.

వాడు వెంటనే ఆ 200ను ప్రోగ్రాములో రాసేయబోయాడు. ఆగమన్నాను. రేపు దూరం మారితే? ఇప్పుడున్న వేగంతో ఆగడానికి ఎంత దూరం కావాలో యంత్రమే ప్రతి మిల్లీసెకనుకూ చూసుకోవాలి. వేగం వర్గాన్ని బ్రేకుకు రెట్టింపుతో భాగించడమే. ఇంటర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన సూత్రం!

తిరకాసు ఆ మిల్లీసెకనులోనే ఉంది. అంతలోనే క్యారేజీ 0.6 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. కనుక వేయబోయే అడుగును కూడా కలిపి లెక్కించాలి, లేదంటే చివర దాటిపోతుంది.

సాయంత్రం దూరాన్ని 150కి తగ్గించి చూశాడు. ప్రోగ్రామును ముట్టుకోకుండానే బ్రేకు 100 దగ్గర పడింది. బరువు పెరిగితే మాత్రం ఆ 2000నే తగ్గించుకోవాలి. అది రేపటి పని.