పది గంటల క్లాసుకు పదిన్నరకు కబురు

మన కాలేజీ గురించి మంచి మాటలు ఈ సంచికలో చాలామంది రాస్తారు. వాటిలో దేన్నీ నేను కాదనను. నేను మాత్రం మా బ్యాచ్‌ను చదువుకున్నన్నాళ్లూ సతాయించిన ఒక సంగతి రాయదలచుకున్నాను. చివరి నిమిషంలో రద్దయ్యే క్లాసుల సంగతి.

పది గంటల క్లాసుకు అందరం వచ్చి కూర్చునేవాళ్లం. పదీ పది అయ్యేది, పదీ ఇరవై అయ్యేది. సి.ఆర్. (మా క్లాసు ప్రతినిధి) స్టాఫ్ రూమ్ దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. పదిన్నరకు అటెండర్ గుమ్మంలో నిలబడి "సారు ఇవాళ రారు బాబూ, మీరెళ్లొచ్చు" అనేవాడు. చాలాసార్లు ఆ లీవ్ లెటర్ ముందు రోజు సాయంత్రమే ఆఫీసులో ఇచ్చేసి ఉండేవారు. అది ఫైల్లోకి చేరేది గానీ మా దాకా వచ్చేది కాదు.

లెక్చరర్లకు ఒంట్లో బాగుండకపోవడం, ఇంట్లో పనులు పడటం సహజమే. నా బాధ సెలవు గురించి కాదు, కబురు గురించి. హాస్టల్లో ఉన్నవాళ్లు గదికెళ్లి ఇంకాసేపు పడుకునేవారు. నా పక్కన కూర్చునే అమ్మాయి ఇంకా తెల్లవారకముందే లేచి, మొదటి బస్సు పట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చేది. ఆ రోజు ఆమెకు పొద్దున ఉన్నది ఆ ఒక్క క్లాసే. తర్వాతది రెండింటికి ల్యాబ్. ఇంటికెళ్లి వచ్చే వీల్లేదు. వరండాలో మెట్ల మీద కూర్చుని, ఒళ్లో రికార్డు పెట్టుకుని, అప్పటికే పూర్తి చేసిన బొమ్మలకు మళ్లీ గీతలు దిద్దుతుండేది. ఒక మనిషి పూట మొత్తం అలా పోయేది. ఆ లెక్క ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.

పోయిన క్లాసులన్నీ సెమిస్టర్ చివర ఎక్స్‌ట్రా క్లాసులై మీద పడేవి. ఒకసారి ఒకే గంటకు రెండు సబ్జెక్టులు పెట్టారు. రెండు నోటీసులూ ఒకే బోర్డు మీద పక్కపక్కనే అంటించి ఉన్నాయి. రెండింటి కిందా ఒకే మాట: హాజరు తప్పనిసరి. ఎవరిని అడిగినా "అవతలివాళ్లతో మాట్లాడుకోండి" అన్నారు. చివరికి సగం మంది ఇటు, సగం మంది అటు కూర్చుని, రాత్రికి నోట్సులు మార్చుకున్నాం. ఆఖరి యూనిట్ అలా చదివిందే. ఇప్పటికీ అందులో నాకు పట్టు లేదు.

తర్వాత నేనూ పాఠాలు చెప్పే వృత్తిలోకి వచ్చాను, టైమ్‌టేబుల్ వేసే పని నెత్తిన పడింది. అది నిజంగా కష్టమైన పని. చుక్కలూ గీతలతో లెక్కలు చేసే గ్రాఫ్ థియరీ అనే గణిత శాఖలో ఒక్కో క్లాసును ఒక్కో చుక్కగా పెట్టి, ఒకే టీచరు గానీ ఒకే సెక్షన్ గానీ ఉన్న రెండు చుక్కలను గీతతో కలుపుతారు. గీతతో కలిసినవాటికి ఒకే రంగు రాకూడదు. రంగంటే ఇక్కడ పీరియడ్. 1967లో వెల్ష్, పావెల్ అనే ఇద్దరు టైమ్‌టేబుల్ సమస్యను ఇలాగే రంగుల లెక్కగా చూపించారు. క్లాసులు పెరిగేకొద్దీ ఈ చిక్కుముడిని ప్రతిసారీ చకచకా విప్పే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. పైగా ల్యాబ్‌కు వరసగా పీరియడ్లు కావాలి, గదులు సరిపోవాలి. ఒక్క క్లాసు జరిపితే మరో మూడు కదులుతాయి.

అందుకే నాకు కోపం ఇంకా పెరిగింది. క్లాసులు ఒకదాని మీద ఒకటి పడటానికి ఇంత కారణం ఉంది. ముందు రోజు ఇచ్చిన లీవ్ లెటర్ గురించి పిల్లలకు చెప్పడానికి ఏ గణితమూ అడ్డం రాదు. ఒకరికి ఆ బాధ్యత అప్పగించాలి, అంతే.

ఇప్పుడు కాలేజీ నడుపుతున్నవారికి నావి రెండు మనవులు. రేపటి క్లాసు లేదని తెలిసిన సాయంత్రమే ప్రతి విద్యార్థి ఫోనుకూ మెసేజ్ వెళ్లాలి, అది పంపే మనిషి పేరు అందరికీ తెలిసి ఉండాలి. ప్రతి సెక్షన్‌కూ వారంలో ఒక పీరియడ్ మొదటి నుంచే ఖాళీగా ఉంచి, తప్పిపోయిన పాఠం ఆ వారంలోనో పై వారంలోనో అందులోనే చెప్పించాలి. ఖాళీ పీరియడ్ వృథా అని మొదట్లో కొందరు అంటారు. నేను పనిచేసేచోటా అన్నారు. మొదటి సెమిస్టర్ ముగిసేసరికి ఆ మాట ఎవరూ ఎత్తలేదు.