నలభై మూడేళ్ళకి బేస్‌బాల్ బ్యాట్ పట్టుకుంటే: నా అనుభవం

మొదటి నాలుగు మ్యాచ్‌ల్లో పదకొండుసార్లు బ్యాటింగ్‌కి వెళ్ళాను. ఎనిమిదిసార్లు స్ట్రైకౌట్, అంటే మూడు స్ట్రైకులు పడి ఔట్ (కొట్టబోయి తప్పినా, కొట్టదగ్గ బంతిని వదిలేసినా స్ట్రైకే). అందులో ఆరుసార్లు బ్యాట్ భుజం మీద నుంచి కదల్లేదు. బంతి వెళ్ళిపోయింది, వెనకాల అంపైర్ గట్టిగా అరిచాడు, నేను తల దించుకుని వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ మన డాలస్‌లో పిల్లల్ని బేస్‌బాల్‌కి దింపి వచ్చే నాన్నలు చాలామంది కంచె అవతల నిలబడి "ఇందులో ఏముంది, అన్నీ ఫుల్‌టాస్‌లే కదా" అనుకుంటూ ఉంటారు, నేనూ అలా అనుకున్నవాణ్ణే, అందుకే రాస్తున్నాను.

గుంటూరులో కాలేజీ టీమ్‌కి ఓపెనర్‌ని. పెద్ద షాట్లు కొట్టేవాణ్ణి కాదు గానీ ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతిని వదిలేయడంలో నాకు పేరుండేది. "వీడు బ్యాటింగ్‌కి దిగాడంటే మనం వెళ్ళి టిఫిన్ చేసి రావచ్చు" అనేవాళ్ళు మావాళ్ళు. డాలస్ పక్కన ఇర్వింగ్ వచ్చాక వారాంతాల్లో మ్యాట్ మీద లీగ్ క్రికెట్ పదేళ్ళు ఆడాను. పోయినేడాది జనవరిలో మావాడికి కేజ్‌లో, అంటే బ్యాటింగ్ సాధన చేసే వల గదిలో క్లాస్ అవుతుంటే, ఊరికే కూర్చోవడం ఎందుకని పక్క కేజ్‌లో బంతులు విసిరే మెషిన్‌కి టోకెన్ వేసి నిలబడ్డాను. ఇరవై బంతులు వచ్చాయి. రెండు తగిలాయి, ఆ రెండూ హ్యాండిల్ దగ్గర. చలికాలంలో అక్కడ తగిలితే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకే తెలుసు, కరెంటు తీగ పట్టుకున్నట్టు అరచేతుల్లోంచి మోచేతుల దాకా జివ్వుమంది. తర్వాత కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని తాగాను.

అక్కడే ఒక పెద్దాయన, అరవై ఐదేళ్ళుంటాయి, బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. "క్రికెట్ ఆడేవాడివా?" అన్నాడు. ఎలా తెలిసిందంటే, ప్రతి బంతికీ ముందు బ్యాట్‌తో నేలని రెండుసార్లు తట్టానట. ఆయనే తర్వాత నాకు కోచ్ అయ్యాడు.

ఆయన కథ ముక్కలు ముక్కలుగా, బంతులు ఏరుకునే గ్యాప్‌లో విన్నాను. ఎనభైల్లో డబుల్-ఏ దాకా, అంటే అన్నిటికంటే పైదైన మేజర్ లీగ్‌కి రెండు మెట్ల కింద దాకా వెళ్ళాడు. టెక్సస్ లీగ్. ఎల్ పాసో నుంచి మిసిసిపీలో ఉన్న జాక్సన్ దాకా దాదాపు వెయ్యి మైళ్ళు, అదంతా బస్సులోనే. ఏడేళ్ళు ఆడాడు. ఇరవై ఏడో ఏట ఒకరోజు మేనేజర్ గదిలోకి పిలిచి తలుపు వేశాడట, తలుపు వేయడంతోనే విషయం అర్థమైపోయిందట. తర్వాత ముప్ఫై ఏళ్ళు ఇళ్ళకి రూఫింగ్ పని చేశాడు, మన టెక్సస్‌లో వడగళ్ళ పుణ్యమా అని ఆ పనికి కొదవ లేదు. ఫాస్ట్‌బాల్ ఎంత వేగంగా వేసినా కొట్టేవాడట. దూరంగా, కిందికి జారిపోయే స్లైడర్‌కి మాత్రం బ్యాట్ తిప్పకుండా ఉండలేకపోయాడు. అది ఆ లీగ్‌లో బంతి వేసే పిచర్లందరికీ తెలిసిపోయింది. "కొట్టడం రాక ఇంటికి రాలేదు, ఆగడం రాక వచ్చాను" అన్నాడు, బకెట్‌లో బంతులు వేస్తూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా.

1972లో మేజర్ లీగ్ టీమ్ రేంజర్స్ వాషింగ్టన్ నుంచి మన పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌కి వచ్చినప్పుడు దాని మేనేజర్ టెడ్ విలియమ్స్. ఆ ఏడు వంద మ్యాచ్‌లు ఓడిపోయారు. మా కోచ్‌కి అప్పుడు పన్నెండేళ్ళు, వాళ్ళ నాన్నతో వెళ్ళి స్టాండ్స్‌లో ఆటని వదిలేసి డగౌట్‌లో ఉన్న ఆ పెద్దమనిషినే చూస్తూ కూర్చునేవాడట. 1941లో .406 సగటు కొట్టినవాడు మరి (వెయ్యి అవకాశాలకి 406 హిట్ల లెక్క, హిట్ అంటే బంతిని కొట్టి బేస్ చేరడం), ఆ తర్వాత ఇప్పటిదాకా అమెరికన్, నేషనల్ లీగుల్లో సీజన్ మొత్తం మీద ఒక్కరూ .400 దాటలేదు. విలియమ్స్ స్ట్రైక్ జోన్‌ని, అంటే బంతి వదిలేస్తే స్ట్రైక్ అయ్యే చోటుని, అడ్డంగా ఏడు, నిలువుగా పదకొండు, మొత్తం 77 బంతుల గళ్ళుగా విడగొట్టి, ఏ గడిలో పడ్డ బంతిని కొడితే తన సగటు ఎంతుంటుందో అంచనా వేసి చూపించాడు. నట్టనడుమ .400, దూరంగా కింద మూల .230. అదే మనిషి, అదే బ్యాట్. కేజ్ గోడ మీద మా కోచ్ ఆ గళ్ళని మార్కర్‌తో గీసి పెట్టుకున్నాడు. కింది మూల గడి దగ్గర చిన్నగా ఒక శిలువ గుర్తు ఉంది. అదేంటని అడిగితే "నా సమాధి" అన్నాడు.

మొదటి రెండు నెలలు మెషిన్ ముట్టుకోనివ్వలేదు. రబ్బరు స్టాండు మీద బంతి పెట్టి కొట్టడమే, దాన్ని టీ అంటారు. చిన్నపిల్లల వ్యవహారంలా ఉందని నేను నసిగితే, 3,141 హిట్లు కొట్టిన టోనీ గ్విన్ కెరీర్ అంతా టీ మీదే సాధన చేశాడని నోరు మూయించాడు. పట్టు దగ్గరే వారం పోయింది. క్రికెట్‌లో బ్యాట్ అరచేతిలో కూర్చుంటుంది, ఇక్కడ వేళ్ళలో ఉండాలి, తలుపు తట్టడానికి వాడే కణుపులు రెండు చేతులవీ దాదాపు ఒక వరసలో రావాలి. తర్వాత ముంజేతులు. మనకి చిన్నప్పటి నుంచి పై చెయ్యి నడిపిస్తుంది, కింద చెయ్యి ఊరికే తోడొస్తుంది. ఇక్కడ అసలు చేతులు ముందు కదలకూడదు. ముందు కాలు మెత్తగా ఆనాలి, తుంటి తిరగాలి, చేతులు చివర్న రావాలి. బొంగరానికి తాడు చుట్టి వదిలితే ముందు తిరిగేది బొంగరమే కదా, అలా అని నాకు నేను చెప్పుకున్నాను. ఎక్కువగా పని చేసింది ఆ బొంగరమే, ఆయన చెప్పిన గోల్ఫ్ పోలికలు నాకు ఒక్కటీ ఎక్కలేదు.

ఇంకోటి, బంతిని కళ్ళ కింద ఆలస్యంగా ఆడమని మనకి నేర్పించారు. ఇక్కడ లోపలికొచ్చే బంతిని ముందు కాలికంటే ముందే అందుకోవాలి, దూరంగా పోయేదాన్ని కొంచెం లోపలికి రానివ్వాలి. పిచర్ పది అంగుళాల దిబ్బ మీద నిలబడి వేస్తాడు, బంతి దిగుతూ వస్తుంది, కాబట్టి బ్యాట్ దాని దారిలో కొద్దిగా పైకి వెళ్ళాలి. విలియమ్స్ చెప్పింది ఇదే. నేనేమో నేల మీద పడి లేచే బంతిని అణచడానికి అలవాటు పడ్డవాణ్ణి, ప్రతిదాన్నీ నేలకేసి కొట్టేవాణ్ణి.

ఏప్రిల్‌లో పెద్దవాళ్ళ లీగ్‌లో చేరాను. మొదటి మ్యాచ్‌కి ముందు కోచ్ దగ్గర నేను గొప్పగా చెప్పుకున్నది ఒక్కటే, నాకు వదలడం వచ్చు అని. ఆయన కూడా సంతోషించాడు, తనకి లేనిది నాకుందని. తర్వాత పైన చెప్పిన ఎనిమిది స్ట్రైకౌట్లు.

వీడియోలన్నీ కూర్చోబెట్టి చూపించాడు. నేను వదిలినవాటిలో సగం మధ్యలో పడ్డవే. క్రికెట్‌లో వదిలితే పోయేదేం లేదు, వికెట్లకి తగలనంత వరకు ఇంకో బంతి ఎలాగూ వస్తుంది, రోజంతా వస్తూనే ఉంటుంది. అందుకే నా బుర్రలో మొదటి మాట "వద్దు", బంతి బాగుంటేనే అది "సరే" అవుతుంది. మా లీగ్ పిచర్లు డెబ్భై మైళ్ళు దాటరు, అయినా బంతి చేరడానికి అర సెకను కంటే పెద్దగా పట్టదు. తొంభై మైళ్ళయితే 0.4 సెకను. "వద్దు" నుంచి "సరే"కి మారేలోపు బంతి క్యాచర్ గ్లవ్‌లో ఉంటుంది. తిరగేయాలి. ప్రతి బంతికీ కొడుతున్నా, కొడుతున్నా అని ఒళ్ళంతా బయల్దేరాలి, చివరి క్షణంలో మాత్రమే ఆగాలి. విలియమ్స్‌కి కెరీర్‌లో 2,021 వాక్‌లు (నాలుగు బంతులు జోన్ బయట పడితే ఊరికే వచ్చే మొదటి బేస్) వచ్చాయంటే నిలబడి చూస్తూ ఉన్నాడని కాదు, కొట్టడానికి బయల్దేరి ఆగినవి అన్నాడు కోచ్. నిజంగా ఆగడం అంటే అది. ఆయనకి రానిదీ అదే, నాకొచ్చిందనుకున్నదీ అది కాదు.

ఈ ఒక్క అలవాటు మారడానికి రెండు నెలలు పట్టింది. కోచ్ పక్క నుంచి బంతులు విసురుతూ మధ్య మధ్యలో "వద్దు" అని అరుస్తాడు, నేను తుంటి తిప్పేసి చేతులు ఆపేయాలి. పది ఆపేసరికి నడుము పట్టేసేది. ఇంట్లో మా ఆవిడ జండూబామ్ చేతికిస్తూ "ఏమండీ, ఆ ఆటలో కొట్టడం ఎప్పుడు నేర్పిస్తారు?" అనేది. అడగాల్సిన ప్రశ్నే.

జూన్‌లో, ఏడో మ్యాచ్. ఎండ నిప్పులు చెరుగుతోంది, హెల్మెట్ లోపల చెమట కళ్ళలోకి కారుతోంది. రెండు బాల్స్ (జోన్ బయట పడి, నేను వదిలేసినవి), ఒక స్ట్రైక్. నాలుగో బంతి లోపలికి, తొడ ఎత్తులో. అప్పటికే బయల్దేరి ఉన్నాను, ఆపాల్సిన అవసరం రాలేదు. తగిలినట్టు కూడా అనిపించలేదు, చేతుల్లో ఏ జివ్వూ లేదు, చప్పుడొకటి మాత్రం వినిపించింది. మూడో బేస్ మనిషికీ షార్ట్‌స్టాప్‌కీ మధ్యలోంచి గడ్డి మీద దూసుకుపోయింది. నేను సగం దూరం బ్యాట్ పట్టుకునే పరిగెత్తాను, మావాడు కంచె అవతల నుంచి "నాన్నా, బ్యాట్! బ్యాట్!" అని కేకలు.

వాడు తీసిన వీడియో ఆ రాత్రే కోచ్‌కి పంపాను. ఏదో మెచ్చుకుంటాడని ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. అరగంటకి జవాబు వచ్చింది: "బాగుంది. దానికి ముందు బంతి ఎందుకు వదిలేశావు?"

వీడియో వెనక్కి జరిపి చూశాను. నడుము ఎత్తులో, నట్టనడుమ పడింది. .400 గడి.