సఖాయం... వసురూపం

మహాలయ పక్షంలో తర్పణాలు విడిచేటప్పుడు పితృవర్గం, మాతృవర్గం, మాతామహవర్గం దాకా అంతా పేరుపేరునా చక్కగానే సాగుతుంది. కారుణ్య పితరుల దగ్గరికి, అంటే ఆ వర్గాల్లో లేని బంధువులు, గురువులు, స్నేహితుల దగ్గరికి వచ్చేసరికి గొంతు పరుగందుకుంటుంది. పితృవ్యం, మాతులం, భ్రాతరం, శ్వశురం, గురుం, రిక్థినం, సఖాయం (అంటే స్నేహితుణ్ణి)... పేరు లేదు, గోత్రం లేదు. అందరికీ కలిపి ఒక్క దోసిలి వదిలి లేచిపోతారు. అర్ధరాత్రి కబురు చేస్తే చెప్పులు కూడా చూసుకోకుండా వచ్చి నిలబడ్డ మనిషి, పిల్లవాడి ఫీజు కట్టి ఆ మాట జన్మలో ఎత్తని మనిషి ఆ పరుగులో కొట్టుకుపోతాడు. ఇది చూస్తే బాధ కలుగుతుంది.

ఆ స్నేహితుడికి ఋషులు ఎక్కడ చోటు పెట్టారో గమనించండి. తండ్రి వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం. మరి సఖుడు? ఆయనా వసురూపమే. రక్తసంబంధం లేకపోయినా నాన్నగారి వరుసలోనే పీట వేశారు. అసలు వసువులంటే ఎవరు? బృహదారణ్యక ఉపనిషత్తు మూడో అధ్యాయంలో శాకల్యుడు ఇదే అడుగుతాడు. అగ్ని, పృథివి, వాయువు, అంతరిక్షం, ఆదిత్యుడు, ద్యులోకం, చంద్రుడు, నక్షత్రాలు అని ఎనిమిదింటినీ చెప్పి, ఇదంతా వీటిలోనే నిలిచి ఉంది కనుక వసువులన్నారని యాజ్ఞవల్క్యుడు వివరిస్తాడు. నేల మనల్ని మోస్తుంది, గాలి ఊపిరవుతుంది, ఏదీ లెక్క రాసుకోదు. నలుగురికీ నీడగా బతికిన మనిషిని ఆ రూపంలో పిలవడం కంటే సరైన పిలుపు ఏముంటుంది? పైగా చివరి మాట "తర్పయామి", అంటే తృప్తి పరుస్తున్నాను అని. బతికినన్నాళ్లూ పెట్టడమే తప్ప పుచ్చుకోవడం తెలియని చేతికి మనం ఇవ్వగలిగే సమయం ఇదొక్కటే.

కాబట్టి ఆ ఒక్క దోసిలీ సరిగ్గా ఇవ్వండి. పేరు, గోత్రం ముందే వాళ్ల పిల్లల్ని అడిగి కాగితం మీద రాసుకోండి. పీట మీద కూర్చున్నాక గుర్తు చేసుకుందామంటే గుర్తు రాదు. గోత్రం ఎంతకీ తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్పమని శాస్త్రమే వెసులుబాటు ఇచ్చింది. చనిపోయినవారు బాబాయో మేనమామో అయి ఉండి మనకు ప్రాణస్నేహితులైనా సరే, బంధుత్వం ఉన్న చోటే చెప్పాలి, మళ్లీ సఖుల్లో చెప్పనక్కర్లేదు. వరుసకు అందని దూరపు చుట్టమైతే "సఖాయం" దగ్గర చెప్పుకోవచ్చు. ఇక అందరూ చేసే పెద్ద పొరపాటు "సపత్నీకం", అంటే భార్యతో సహా, అనేయడం. ఆయన భార్య జీవించి ఉంటే ఆ మాట నోట రాకూడదు. పురోహితుడికి ఆ సంగతి తెలియదు, మనమే ముందు చెప్పాలి. ఇటీవలే పోయినవారైతే సపిండీకరణం, అంటే పోయినవారిని పితృదేవతల్లో కలిపే కర్మ, జరిగాకే వసురూపమన్న మాట వర్తిస్తుంది. ఏడాది లోపు అయితే పురోహితుణ్ణి అడిగి చేయండి.

దక్షిణ ముఖం, ప్రాచీనావీతి (జంధ్యం కుడి భుజం మీదికి), కుడి ఉంగరపు వేలికి మూడు దర్భల పవిత్రం (దర్భ ఉంగరం), పళ్లెంలో కొనలు దక్షిణానికి ఉండేలా కూర్చ (దర్భల కట్ట). ఇవన్నీ మీకు తెలిసినవే. తప్పు జరిగేది నీళ్ల దగ్గర. అలవాటు కొద్దీ చెయ్యి ముందుకు వంచితే నీళ్లు వేళ్ల కొసల నుంచి పడతాయి. అది దేవతీర్థం, దేవతలకు నీళ్లు వదిలే పద్ధతి. అరచేతిని పక్కకు వాల్చండి, బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ నుంచి సన్నని ధార కూర్చ మీద పడాలి. నువ్వులు నల్లవే, ముందే రాళ్లు ఏరి పెట్టుకోండి. గుప్పెడు పోస్తే తడికి ముద్దకట్టి అరచేతికే అంటుకుని నీళ్లు ఒక్కటే జారిపోతాయి. ప్రతిసారీ చిటికెడు చాలు. పితృవర్గంలో ఒక్కొక్కరికి మూడేసిసార్లు, సఖుడికి సాధారణంగా ఒక్కసారే. ఆ ఒక్కసారీ నాలుగు గింజలు ధారతో పాటు జారి దర్భ మీద నిలిచేదాకా చూసి, అప్పుడు తరువాతి పేరుకు వెళ్లండి. ఆ నాలుగు క్షణాలూ ఆయన ముఖం తలుచుకోండి.

"చివర్లో 'యేషాం న మాతా న పితా న బంధుః' ఉంది కదా, అందులో అందరూ వస్తారు" అంటారు. ఆ శ్లోకం ఎవరూ లేనివారి కోసం, పేరు పలికేవారు లేనివారి కోసం. పేరు తెలిసిన మనం ఉండగా ఆయనను అనాథల్లో నిలబెట్టడం ఏం న్యాయం?

తండ్రి ఉన్నవారికి సాధారణంగా తర్పణాధికారం ఉండదు. వారు ఆయన పోయిన తిథి నాడు, తిథి తెలియకపోతే మహాలయ అమావాస్య నాడు, ఆయన పేరు తలచుకుని స్వయంపాకం, అంటే వండుకోవడానికి కావలసిన సరుకులు, ఇవ్వవచ్చు. బియ్యం, పప్పు, కూరలు, నెయ్యి, ఉప్పు, చింతపండుతో సహా ఒక మనిషికి రెండు పూటలకు సరిపడా ఉండాలి, దక్షిణ వేరుగా. లేదా ఆయన జీవితమంతా ఏం చేశారో అదే చేయండి. ఫీజులు కట్టేవారైతే ఒక పిల్లవాడికి ఫీజు కట్టండి, ఆయన కట్టినట్టే, ఎవరికీ చెప్పకుండా.