వియంతియాన్‌లో ఆ చిన్న కాలు

పోయిన నెల లావోస్ వెళ్లాను. రాజధాని వియంతియాన్‌లో కోప్ సెంటర్ ఉంది. బాంబులకు కాళ్లూ చేతులూ పోయినవాళ్లకు అక్కడ కృత్రిమ అవయవాలు ఇస్తారు. లోపల పాత కాళ్లు వేలాడదీసి ఉన్నాయి. కొన్ని ఊళ్లలో ఎవరికి వాళ్లు కర్రతోనో, రేకుతోనో చేసుకున్నవి. ఒకటి మరీ చిన్నది. దాని ముందు నుంచి చాలాసేపు కదల్లేకపోయాను.

1964 నుంచి 1973 వరకు అమెరికా ఈ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. యుద్ధం ప్రకటించలేదు, సొంత ప్రజలకూ చెప్పలేదు. క్లస్టర్ బాంబు గాల్లోనే విచ్చుకుని వందల చిన్న బాంబులను చల్లుతుంది. అలా పడినవి 27 కోట్లని అంచనా. అందులో దాదాపు 8 కోట్లు పేలకుండా మట్టిలో ఉండిపోయాయి. అక్కడివాళ్లు వాటిని ‘బాంబీ’ అంటారు. గుండ్రంగా, టెన్నిస్ బంతంత ఉంటాయి. పిల్లలు ఆడుకోవడానికి తీసుకుంటారు! యుద్ధం ముగిశాక కూడా 20 వేల మందికి పైగా చనిపోయారు, లేదా గాయపడ్డారు.

2016లో ఒబామా అక్కడికి వెళ్లి, వీటిని తొలగించడానికి మూడేళ్లలో 9 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. మంచిదే. కానీ ఈ బాంబులను నిషేధించే 2008 ఒప్పందంలో అమెరికా చేరలేదు. 2023లో అలాంటివే ఉక్రెయిన్‌కు పంపింది. మన దేశం కూడా ఆ ఒప్పందంలో లేదు, అదీ నాకు బాధే.

మొన్న నాన్న చేను దున్నించారు. గట్టు మీద నిలబడి చూస్తున్నాను. నాగళ్లు మట్టిలోకి దిగిన ప్రతిసారీ ఒళ్లు బిగుసుకుపోయింది.