బోరులో ఇసుక

నిన్న భూపాలపల్లి దగ్గర బావ చేనుకు పోయాను. బోరు మోటారు పైకి తీస్తే లోపల నీళ్లను తోసే రెక్కల చక్రాలు, అదే ఇంపెల్లర్లు, నీళ్లతో వచ్చిన ఇసుకకు అరిగి పలచబడ్డాయి. మా హనుమకొండలో బోరంటే గ్రానైటే, పై మట్టి కూలకుండా అక్కడి వరకు కేసింగ్ పైపు దించితే చాలు. అక్కడ గోదావరి లోయ ఇసుకరాయి. రేణువుల మధ్య అతుకు తక్కువ.

నేను చదివింది ఆయిల్ బావుల గురించి. అక్కడా ఇదే గోల! బావిలో ఒత్తిడి బాగా తగ్గిస్తే చుట్టూ ఉన్న రాయి మీద భారం పెరిగి గోడ చితుకుతుంది, వచ్చే ఆయిల్ ఆ ఇసుకను మోసుకొస్తుంది. నీళ్లు రావడం మొదలైతే రేణువులను పట్టి ఉంచే కాస్త బిగువు కూడా పోతుంది.

"గుంజుడు తగ్గించు బావా. ఈసారి బోరేస్తే సన్న చీలికల పైపు దించి, చుట్టూ గులక పోయించు" అన్నాను.

"ఐదు హెచ్‌పీ తీసి ఏడున్నర పెట్టమన్నది నువ్వే కదరా" అన్నాడు.